కంచే చేను మేస్తే

పాఠ్యాంశ ఉద్దేశం

నేడు ప్రజల భూమి హక్కులు, చదువుల వివరాలు, ఆరోగ్య సమాచారం కంప్యూటర్లలోనే నిక్షిప్తమవుతున్నాయి. ఆ కంప్యూటర్లు చాలావరకు అద్దెకు తీసుకొన్నవే. అద్దెకిచ్చిన వ్యవస్థే చెడిపోయినప్పుడు అందులోని సమాచారాన్ని కాపాడే మార్గమేమిటో తెలియజేయడం, కంటికి కనిపించని సాంకేతిక రంగంలో నమ్మకానికి, జాగ్రత్తకు గల సంబంధాన్ని విద్యార్థులు గ్రహించేటట్లు చేయడం ఈ పాఠ్యాంశ ఉద్దేశం.

పాఠం

2024 జూలై 21వ తేదీ రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు చెలరేగాయి. భూములకు సంబంధించిన ఎన్నో దస్త్రాలు బూడిదయ్యాయి. రాష్ట్రమంతటా సంచలనం కలిగించిన ఈ ఘటనపై ప్రభుత్వం దర్యాప్తు జరిపించింది. దస్త్రమంటే కొందరికి దుమ్ము పట్టిన కాగితాల కట్ట మాత్రమే కావచ్చు. కాని రెండెకరాల మెట్టనేలను నమ్ముకొన్న రైతుకు అది తాత తండ్రుల నాటి హక్కుకు సాక్షి. సాక్షి నశిస్తే మిగిలేది వ్యాజ్యమే. అందువల్లనే ఇటువంటి సంఘటన జరిగిన ప్రతిసారీ ఒక మాట వినవస్తుంది: "దస్త్రాలన్నీ కంప్యూటర్లలోకి ఎక్కించి, వేరొక చోట భద్రపరచి ఉంటే ఈ అవస్థ ఉండేది కాదు కదా!"

ఆ మాటలో నిజమున్నది. ఒక చోట కాలిన దస్త్రానికి మరొక చోట ప్రతి ఉంటే హక్కు నిలుస్తుంది. అయితే దానివెంటనే మరికొన్ని ప్రశ్నలు పుడతాయి. ఆ కంప్యూటరు ఎక్కడ ఉన్నది? అది ఎవరి సొత్తు? దాని తాళాలు ఎవరి చేతిలో ఉన్నాయి? కాగితాన్ని కాల్చడానికి నిప్పు కావాలి. ఆ నిప్పు పదిమందికీ కనిపిస్తుంది. కంప్యూటరులోని అంకెను మార్చడానికి పొగ కూడా రానక్కరలేదు. కాబట్టి దస్త్రాన్ని మంటనుండి కాపాడినంతమాత్రాన పని పూర్తికాలేదు. దానిని కొత్త ఇంటి యజమాని నుండి కూడా కాపాడవలసి ఉన్నది.

ఉమ్మడి చిత్తూరు జిల్లా ప్రజలకు కంప్యూటరు సేవలు కొత్తవి కావు. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ కార్యాలయాల కంప్యూటరీకరణ ఆరంభమైంది. మూడు రాష్ట్రాలు కలిసే చోట ఉన్న కుప్పంలో 2002లో హ్యూలెట్ పాకార్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వ సహకారంతో 'ఐ-కమ్యూనిటీ' అనే ప్రయోగాన్ని చేపట్టింది. పల్లెలలో సమాచార కేంద్రాలు వెలిశాయి. స్వయం సహాయక సంఘాల మహిళలు డిజిటల్ కెమెరాలతో, సౌరశక్తితో నడిచే ప్రింటర్లతో ఊరూరా తిరిగి గుర్తింపు కార్డులకు ఛాయాచిత్రాలు తీసి ఇచ్చారు. 2011లో 'మీసేవ' కార్యక్రమం మొదట చిత్తూరు జిల్లాలోనే అడుగుపెట్టింది. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో వాట్సాప్ ద్వారానే పలు సేవలను అందించడం ప్రారంభించింది.

ఈ ప్రయాణంలో ఒక మార్పును గమనించాలి. కుప్పం కేంద్రాలలో కంప్యూటరు మనిషి ఎదుటనే ఉండేది. కరెంటు పోతే తెలిసేది, యంత్రం చెడితే కనిపించేది. నేడు పుంగనూరు సమీపాన ఒక పల్లెలోని విద్యార్థి ఉపకారవేతనం కోసం ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు పెడితే, ఆ దరఖాస్తును స్వీకరించే యంత్రం ఏ నగరంలో ఉన్నదో అతనికి తెలియదు. ఇటువంటి సేవలలో అనేకం వేల కంప్యూటర్లు బారులు తీరిన డేటా కేంద్రాలలో నడుస్తాయి. అమెజాన్ సంస్థ 2022 నవంబరులో హైదరాబాదులో తన క్లౌడ్ కేంద్రాలను ప్రారంభించింది. గూగుల్ సంస్థ విశాఖపట్నంలో భారీ కేంద్రాన్ని నిర్మించనున్నట్లు 2025 అక్టోబరులో ప్రకటించింది. తెలుగునేల మీదనే అద్దె కంప్యూటర్ల మహానగరాలు వెలుస్తున్న కాలమిది.

అటువంటి కేంద్రంలో ఒక్కొక్క యంత్రాన్ని ఒక్కొక్కరికి అప్పగించడం జరగదు. ఒకే పెద్ద కంప్యూటరును పదిమందికి పంచుతారు. ప్రతి ఒక్కరికీ తనకొక ప్రత్యేకమైన కంప్యూటరు ఉన్నదన్న భావన కలిగేటట్లు ఒక ప్రోగ్రాము ఏర్పాటు చేస్తుంది. ఆ పంపకం చేసే ప్రోగ్రామును హైపర్‌వైజర్ అంటారు. అది సృష్టించి ఇచ్చే కల్పిత కంప్యూటరును వర్చువల్ మెషీన్ అంటారు. ఒక పెద్ద భవంతిని భాగాలుగా చేసి అద్దెకిచ్చిన యజమాని హైపర్‌వైజర్ అయితే, ఒక్కొక్క వాటాలో కాపురమున్న కుటుంబం వర్చువల్ మెషీన్. ఈ భావన నేటిది కాదు. 1960వ దశకంలోనే ఐ.బి.ఎం. సంస్థ పెద్ద కంప్యూటర్లమీద దీనిని సాధించింది. 1998లో స్థాపితమైన వి.ఎం.వేర్ సంస్థ దీనిని సాధారణ కంప్యూటర్లకు తెచ్చింది. 2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో రూపొందిన 'జెన్', 2007లో లినక్స్‌లో చేరిన 'కె.వి.ఎం.' దీనిని అందరికీ అందుబాటులోకి తెచ్చాయి.

అద్దె ఇంటిలో ఉన్న కుటుంబానికి నీరు, దీపం, తపాలా బయటినుండే రావాలి. అదేవిధంగా వర్చువల్ మెషీన్‌కు డిస్కు, నెట్‌వర్కు, గడియారం వంటివన్నీ హైపర్‌వైజర్ ద్వారానే అందాలి. నిజానికి దానికి సొంత డిస్కు లేదు. డిస్కు ఉన్నట్లు హైపర్‌వైజర్ నటిస్తుంది. ఆ నటించే పరికరంతో మాట్లాడి, వచ్చిన సమాచారాన్ని లోపలికి చేర్చే చిన్న ప్రోగ్రామునే డ్రైవర్ అంటారు. ఇంటికి గుమ్మం ఎటువంటిదో వర్చువల్ మెషీన్‌కు డ్రైవర్ అటువంటిది. బయటినుండి వచ్చే ప్రతి వస్తువూ దానిని దాటే లోనికి రావాలి.

ఈ రాకపోకలు జరిగే తీరు ఆసక్తికరమైనది. 2008 నాటికి లినక్స్‌లో స్థిరపడిన 'వర్టియో' అనే పద్ధతిలో ఇరువురికీ అందుబాటులో ఉండే జ్ఞాపకశక్తి భాగమొకటి ఉంటుంది. దానిని ఉమ్మడి పద్దు పుస్తకం అనుకోవచ్చు. "ఫలానా చోట ఇంత ఖాళీ స్థలమున్నది, వచ్చిన సమాచారాన్ని అక్కడ ఉంచండి" అని డ్రైవర్ అందులో రాస్తుంది. హైపర్‌వైజర్ ఆ పని చేసి, "ఫలానా పద్దు పూర్తయింది, ఇన్ని బైట్లు ఉంచాను" అని బదులు రాసి, ఇంటరప్ట్ అనే గంట మోగిస్తుంది. డ్రైవర్ ఆ పద్దును చదివి సమాచారాన్ని స్వీకరిస్తుంది. క్షణంలో వేలసార్లు జరిగే ఈ వ్యవహారంలో ప్రతి అంకెనూ సరిచూడాలన్న ఆలోచన ఆనాటి రచయితలకు కలగలేదు.

అది వారి అజాగ్రత్త అనుకోవడం పొరపాటు. అందుకు బలమైన కారణమున్నది. ఆ రోజులలో హైపర్‌వైజర్ తాను నడిపించే ప్రతి వర్చువల్ మెషీన్ జ్ఞాపకశక్తిని యథేచ్ఛగా చదవగలదు, మార్చగలదు. ఇంటి గోడలన్నీ యజమాని చేతిలోనే ఉన్నప్పుడు గుమ్మానికి తాళం వేసి ప్రయోజనమేమి? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత అక్షరాలా వర్తించే స్థితి అది. అందువల్ల భద్రతకు సంబంధించిన శ్రద్ధ అంతా మరొక దిక్కున సాగింది. అద్దెకున్నవాడు చెడ్డవాడైతే యజమానిని, పొరుగువారిని ఎలా రక్షించాలన్నదే ఆనాటి ప్రధాన ప్రశ్న.

ఆ ప్రశ్న ఊహాజనితమైనది కాదని 2015 మే నెలలో లోకానికి తెలిసింది. 'వెనమ్' అని పేరుపెట్టిన ఒక లోపాన్ని భద్రతా పరిశోధకులు బయటపెట్టారు. 'క్యూఎము' అనే ప్రోగ్రాములో పాతకాలపు ఫ్లాపీ డిస్కును అనుకరించే భాగమొకటి ఉండేది. ఫ్లాపీలు వాడుకనుండి తొలగిపోయి ఏళ్ళు గడచినా ఆ భాగం మాత్రం మిగిలిపోయింది. అందులో 2004 నుండి దాగి ఉన్న లోపాన్ని ఆధారం చేసుకొని, అద్దె వాటాలో ఉన్న దుష్టుడు గోడ దాటి యజమాని గదిలోకి ప్రవేశించే అవకాశమున్నదని తేలింది. ఒకసారి యజమాని స్థానం శత్రువు చేతికి చిక్కితే మిగిలిన వాటాలవారి గతి ఏమిటి? చేనుకు కాపలాగా వేసిన కంచే చేను మేస్తే కాపాడేవారెవరు? డేటా కేంద్రంలో పనిచేసే ఉద్యోగి ఒకడు దురాశకు లోనైనా ఇదే స్థితి ఏర్పడుతుంది. యజమాని సంస్థ ఎంత మంచిదైనా, దాని చేతిలోని తాళాలు మరొకరి చేతికి చిక్కవచ్చునన్న సంగతిని విస్మరించరాదు.

ఈ చిక్కుకు పరిష్కారం మొదట హార్డ్‌వేర్ వైపునుండి వచ్చింది. ఎ.ఎం.డి. సంస్థ 2017లో విడుదల చేసిన సర్వర్ ప్రాసెసర్లలో ప్రతి వర్చువల్ మెషీన్ జ్ఞాపకశక్తిని వేర్వేరు తాళంచెవులతో గూఢలిపిలోకి మార్చే ఏర్పాటు చేసింది. ఆ తాళంచెవి ప్రాసెసర్‌లోనే ఉంటుంది, హైపర్‌వైజర్‌కు అందదు. చదవలేకపోయినా చెరిపే అవకాశం మిగిలి ఉండడంతో, 2021లో వచ్చిన ప్రాసెసర్లలో మార్పులను అరికట్టే రక్షణ కూడా చేర్చారు. ఇంటెల్ సంస్థ 2020లో 'టి.డి.ఎక్స్.' పేరుతో ఇటువంటి ఏర్పాటునే ప్రకటించింది. 2022 జూలైలో వెలువడిన లినక్స్ 5.19 ఈ రెండు రకాల రక్షణలలోనూ అతిథిగా నడవగల శక్తిని సంతరించుకొన్నది. ఈ విధానాన్నే కాన్ఫిడెన్షియల్ కంప్యూటింగ్ అంటున్నారు.

దీనితో ఇంటి గోడలు గట్టిపడ్డాయి. యజమాని లోపలికి తొంగిచూడలేడు. అయితే గోడలు గట్టిపడిన క్షణంనుండే గుమ్మం బలహీనత బయటపడింది. డిస్కు, నెట్‌వర్కు ఇంకా యజమాని ద్వారానే రావాలి కదా! ఉమ్మడి పద్దు పుస్తకం ఇంకా ఇరువురికీ తెరిచే ఉన్నది. యజమానిని సంపూర్ణంగా నమ్మి రాసిన పాత డ్రైవర్లే ఇప్పుడు అతనిని శంకించవలసిన స్థానంలో నిలబడ్డాయి. 2021లో జర్మనీ పరిశోధకులు 'వియా' అనే సాధనంతో డ్రైవర్లకు అబద్ధపు జవాబులు పంపి పరీక్షించినప్పుడు పదుల సంఖ్యలో లోపాలు వెలుగుచూశాయి.

ఆ లోపాల స్వరూపాన్ని కొన్ని ఉదాహరణలతో తెలుసుకోవచ్చు. మొదటిది అబద్ధపు కొలత. నెట్‌వర్కునుండి వచ్చే సమాచారం కోసం డ్రైవర్ 1,500 బైట్ల స్థలం చూపిందనుకొందాం. హైపర్‌వైజర్ అక్కడ కొంత సమాచారం ఉంచి, పద్దులో మాత్రం "60,000 బైట్లు ఉంచాను" అని రాస్తుంది. ఆ అంకెను నమ్మిన డ్రైవర్ తన స్థలం హద్దు దాటి, పక్కనున్న జ్ఞాపకశక్తిని కూడా వచ్చిన సమాచారంగానే భావించి ముందుకు పంపుతుంది. యంత్రం కుప్పకూలవచ్చు, లేదా లోపలి రహస్యాలు బయటకు పొక్కవచ్చు.

రెండవది మరింత సూక్ష్మమైనది. మదనపల్లె టమాటా మార్కెట్టు దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి. అటువంటి మార్కెట్టులో ఒక గుమాస్తా రైతు తెచ్చిన క్రేట్లను లెక్కపెట్టి, చీటీపై 40 అని ఉండడం చూసి, సరిపోయిందని తలూపాడనుకొందాం. ఆ చీటీని అందరికీ అందే బల్లమీదనే వదలిపెట్టి పక్కకు తిరిగాడు. డబ్బు చెల్లించే వేళ మళ్ళీ అదే చీటీని చదివాడు. ఈ మధ్యకాలంలో ఎవరో 40ని 90గా దిద్దారు. గుమాస్తా తనిఖీ చేయలేదని అనలేము, చేశాడు. కాని తనిఖీ చేసిన అంకె వేరు, చెల్లించిన అంకె వేరు. ఉమ్మడి పద్దును డ్రైవర్ రెండుసార్లు చదివితే జరిగేది సరిగ్గా ఇదే. మొదటిసారి సరైన అంకెను చూపిన హైపర్‌వైజర్, రెప్పపాటులో దానిని మార్చి రెండవసారి వేరొక అంకెను చూపుతుంది.

ఇందులో మరొక విచిత్రమున్నది. ప్రోగ్రాము రాసినవారు ఒక్కసారే చదివినా, దానిని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ వేగం కోసం రెండుసార్లు చదివేటట్లు మార్చవచ్చు. 2015 డిసెంబరులో జెన్ వ్యవస్థకు సంబంధించి ఇటువంటి లోపమే బయటపడింది. అక్కడ దిశ వేరు; అతిథి మోసం చేస్తే ఆతిథేయి నష్టపోయే స్థితి. కాని నీతి ఒక్కటే. ఇరువురు పంచుకొనే స్థలాన్ని ఎవరు చదివినా ఒక్కసారి మాత్రమే చదవాలి. అటుపిమ్మట వాడవలసింది తన సొంత ప్రతినే.

మూడవది అకాల ఘంట. హైపర్‌వైజర్ ఎప్పుడు పడితే అప్పుడు ఇంటరప్ట్ పంపగలదు. డ్రైవర్ ఇంకా సిద్ధం కాకముందే గంట మోగితే, అది ఏర్పాటుకాని నిర్మాణాలను తాకి తడబడుతుంది. 2024లో జ్యూరిచ్ నగరంలోని ఇ.టి.హెచ్. పరిశోధకులు 'హెక్లర్' అనే దాడిని వివరించారు. సమయం చూసి అనుచితమైన ఇంటరప్టులు పంపడం ద్వారా, రక్షిత వర్చువల్ మెషీన్‌లో ప్రవేశ పరీక్షను దాటవచ్చునని వారు నిరూపించారు. గోడ పగలలేదు, తాళం విరగలేదు. తలుపు తట్టిన తీరు మాత్రమే మారింది.

మరి గుమ్మాన్ని గట్టిపరచడం ఎట్లు? దీనికి మదనపల్లె చరిత్రలోనే ఒక ఉపమానం దొరుకుతుంది. ఆ పట్టణ సమీపంలోని ఆరోగ్యవరంలో 1915లో క్షయ చికిత్సాలయం వెలిసింది. 1948లో దేశంలో బి.సి.జి. టీకాల కార్యక్రమానికి శ్రీకారం చుట్టిన తొలి కేంద్రాలలో మదనపల్లె ఒకటి. క్షయ క్రిములు గాలిలో ఉంటాయి. గాలినంతటినీ శుద్ధి చేయడం ఎవరి తరమూ కాదు. కనుక పీల్చేవాని దేహానికే ఎదిరించే శక్తిని కలిగించడం టీకా మార్గం. డ్రైవర్లను గట్టిపరచడంలోనూ ఇదే దృష్టి ఉన్నది. హైపర్‌వైజర్‌ను మంచిగా ఉంచడం అద్దెకున్నవాని చేతిలో లేదు. దాని మాటలలో విషమున్నా తట్టుకొనేటట్లు తన డ్రైవర్లను తీర్చిదిద్దుకోవడం అతని చేతిలో ఉన్నది.

ఆ తీర్చిదిద్దే క్రమంలో కొన్ని సూత్రాలు ఏర్పడ్డాయి. బయటినుండి వచ్చిన ప్రతి అంకెనూ ముందుగా సొంత జ్ఞాపకశక్తిలోకి నకలు చేసుకోవాలి. ఆ నకలునే పరీక్షించాలి. పరీక్షించిన నకలునే వాడాలి. ఈ మూడింటి వరుస తప్పరాదు. కొలత తాను ఇచ్చిన స్థలాన్ని మించరాదు. పద్దు సంఖ్య తాను రాసిన పద్దులలో ఒకటై ఉండాలి. అంతకన్నా ముఖ్యమైనది, తాను రాసుకొన్న వివరాలను తిరిగి తెలుసుకోవడానికి ఉమ్మడి పుస్తకాన్ని ఆశ్రయించరాదు. పూర్వం వర్టియో డ్రైవర్ తాను ఇచ్చిన స్థలపు చిరునామాను పని ముగిసిన తరువాత ఉమ్మడి పుస్తకంనుండే చదివేది. ఈలోగా హైపర్‌వైజర్ ఆ చిరునామాను మార్చితే, సమాచారం చేరరాని చోటికి చేరేది. 2021లో లినక్స్ నిర్మాతలు దీనిని సవరించి, ఆ వివరాల ప్రతిని డ్రైవర్ తన వద్దనే రహస్యంగా ఉంచుకొనేటట్లు చేశారు. తన అప్పు పత్రాన్ని అప్పులవాని ఇంట దాచుకొనేవాడు లోకంలో ఉండడు కదా!

గట్టిపరచడంలో మరొక మార్గం తగ్గించడం. దీనికి పుంగనూరు పేరు చెప్పగానే గుర్తుకు వచ్చే పొట్టి ఆవును తలచుకోవచ్చు. సుమారు మూడడుగుల ఎత్తుతో, కొద్దిపాటి మేతతో, మెట్టప్రాంతపు కరవును తట్టుకొని నిలిచిన జాతి అది. చిన్నదనమే దాని బలం. లినక్స్‌లో వేలకొలది పరికరాలకు డ్రైవర్లు ఉన్నాయి. "నేను ఫలానా పాత పరికరాన్ని" అని హైపర్‌వైజర్ అబద్ధమాడితే, ఎవరూ పట్టించుకోని ఒక పాత డ్రైవర్ మేలుకొని దానికి తలుపు తీయవచ్చు. వెనమ్ ఉదంతంలో ఫ్లాపీ చేసిన కీడును ఇక్కడ స్మరించాలి. అందుచేత అవసరమైన నాలుగైదు డ్రైవర్లను మాత్రమే అనుమతించి, తక్కినవాటిని మేలుకొననీయకుండా ఉంచే జాబితాలను రూపొందించారు. వేయి గుమ్మాలను కాపలా కాయడం కన్నా నాలుగు గుమ్మాలను కాయడం సులభం.

ఈ పని చెప్పినంత తేలికగా సాగలేదు. 2021–22 సంవత్సరాలలో వర్టియో డ్రైవర్లకు కఠినమైన తనిఖీలు చేర్చినప్పుడు వాటిలో కొన్నింటిని వెనుకకు తీసుకోవలసి వచ్చింది. దుర్బుద్ధి ఏమీలేని కొన్ని పాత పరికరాలు, డ్రైవర్లు కూడా నియమాలను కచ్చితంగా పాటించడం లేదని అప్పుడు బయటపడింది. కఠిన నియమంతో మోసగానితోపాటు మొరటువాడూ ఆగిపోయాడు. నిత్యవ్యవహారం స్తంభించడంతో, కొన్ని తనిఖీలను అవసరమైనవారు మాత్రమే ఎంచుకొనేటట్లు మార్చారు. పైగా ప్రతి సమాచారాన్నీ సొంత స్థలంలోకి నకలు చేసుకోవడంవల్ల వేగం కొంత తగ్గుతుంది. భద్రత ఉచితంగా లభించదు.

అభిప్రాయభేదాలు కూడా లేకపోలేదు. 2023లో లినక్స్ నిర్మాతల మధ్య ఈ విషయమై తీవ్రమైన చర్చ జరిగింది. డ్రైవర్లన్నీ మొదటినుండి తమ పరికరాన్ని నమ్మే పద్ధతిలో రాసినవే; ఆ మూలసూత్రాన్నే మార్చి వేల డ్రైవర్లను సవరించడం నిర్వాహకులపై మోయరాని భారమని కొందరు వాదించారు. అందరి డ్రైవర్లనూ సవరించనక్కరలేదు, రక్షిత యంత్రాలలో వాడే కొద్దిపాటి డ్రైవర్లను సవరిస్తే చాలునని మరికొందరు బదులిచ్చారు. వందలాది నిర్వాహకుల శ్రమను, కొన్ని పెద్ద సంస్థల వ్యాపారావసరాలను ఎట్లు సమన్వయించాలన్న ప్రశ్న ఈ చర్చ అడుగున ఉన్నది. అది తేలికగా తెగే ప్రశ్న కాదు.

గట్టిపరచిన డ్రైవర్లు కూడా సాధించలేనిది ఒకటున్నది. యజమాని తలుచుకొంటే కరెంటు తీసివేయగలడు. వర్చువల్ మెషీన్‌ను ఎప్పుడైనా ఆపివేయగలడు. దానిని నివారించే ఉపాయం ఈ విధానంలో లేదు. సేవ ఆగిపోవచ్చును గాని, రహస్యం పొక్కరాదు, అంకె మారరాదు అన్నదే ఈ రక్షణకు గల ప్రతిజ్ఞ. భూమి దస్త్రం ఒకపూట కనిపించకపోతే రైతు మరునాడు రాగలడు. సర్వే సంఖ్య మారిపోతే మాత్రం అతని జీవితమే మారిపోతుంది.

చివరి రక్షణ సమాచారంలోనే ఉండాలి. మీసేవ ధ్రువపత్రాలలో దీనికి చక్కని ఉదాహరణ ఉన్నది. ఆ పత్రంమీద అధికారి డిజిటల్ సంతకం ఉంటుంది. పత్రాన్ని ముద్రించి ఇచ్చిన కేంద్రం ఏదైనా, మోసుకొచ్చిన తీగ ఏదైనా, ఒక్క అక్షరం మారినా సంతకాన్ని సరిచూసినప్పుడు మోసం బయటపడుతుంది. అంటే మోసుకొచ్చినవానిని నమ్మవలసిన అవసరం తప్పుతుంది. రక్షిత వర్చువల్ మెషీన్లలో కూడా డిస్కుకు పంపే సమాచారాన్ని ముందుగానే గూఢలిపిలోకి మార్చి, మార్పును పసిగట్టే ముద్ర వేసి పంపాలి. అదేవిధంగా, లోపల నడుస్తున్న ప్రోగ్రాము అసలైనదేనని ప్రాసెసర్ స్వయంగా సంతకం చేసి చెప్పే ఏర్పాటు ఉన్నది. ఆ సంతకాన్ని సరిచూసిన తరువాతనే రహస్యాలను లోపలికి పంపాలి.

మదనపల్లె కార్యాలయంలో మంట చూసినవారికి దస్త్రం విలువ తెలిసింది. కంప్యూటరులో దాచిన దస్త్రానికీ అంతే విలువ ఉన్నది. దానిని కాపాడే పని మాత్రం కంటికి కనిపించదు. ఒక అంకె హద్దు దాటిందా లేదా అని చూసే రెండు పంక్తుల ప్రోగ్రాము రాసినవాని పేరు ఎవరికీ తెలియకపోవచ్చు. ఆ రెండు పంక్తులవల్ల ఒక రైతు హక్కు, ఒక రోగి రహస్యం, ఒక విద్యార్థి ఉపకారవేతనం నిలబడతాయి. హైదరాబాదులోని ప్రాసెసర్ల రూపకల్పన కేంద్రాలలో తెలుగు ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో పనిచేస్తున్నారు. రేపు మదనపల్లె, పుంగనూరు, కుప్పం కళాశాలలనుండి ఆ దారిన నడిచే విద్యార్థులు తాము రాసే ప్రతి డ్రైవర్‌నూ ఒక ఇంటి గుమ్మంగా భావించాలి. అవతల ఉన్నవారు మంచివారే కావచ్చు. గుమ్మానికి గడియ అవసరమైనది మాత్రం వారు మంచివారు కాని రోజున.

కఠిన పదాలు – అర్థాలు

నిక్షిప్తం = దాచబడినది, భద్రపరచబడినది
వ్యాజ్యం = న్యాయస్థానంలోని తగాదా
ప్రతి = నకలు
యథేచ్ఛగా = ఇష్టం వచ్చినట్లుగా
గూఢలిపి = సంకేతం తెలియనివారు చదవలేని రాత
ఆతిథేయి = అతిథికి చోటిచ్చిన వాడు
అకాలం = తగని సమయం
ఉదంతం = జరిగిన విషయం, వృత్తాంతం
సమన్వయించు = పొందుపరచు, కలుపు

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పాత డ్రైవర్లు హైపర్‌వైజర్‌ను సంపూర్ణంగా నమ్మడానికి గల కారణాన్ని వివరించి, ఆ నమ్మకం తరువాతి కాలంలో ఎందుకు చెల్లకుండా పోయిందో తెలపండి.
2. డ్రైవర్లను గట్టిపరచడానికి పాటించే సూత్రాలను పాఠ్యాంశం ఆధారంగా వివరించండి.

ఆ) కింది ప్రశ్నలకు నాలుగు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. టమాటా మార్కెట్టు చీటీ ఉదాహరణ ద్వారా తెలియవచ్చే లోపమేమిటి?
2. పుంగనూరు ఆవును ఈ పాఠంలో ఎందుకు ప్రస్తావించారు?
3. మీసేవ ధ్రువపత్రంపై ఉండే డిజిటల్ సంతకం ప్రయోజనమేమిటి?

ఇ) "కంచే చేను మేసినట్లు" అన్న సామెతను ఈ పాఠానికి అన్వయిస్తూ సొంతవాక్యాలలో రాయండి.